నర్సమ్మల బడి పెట్టిన డాక్టరమ్మ – ఐడా స్కడ్డర్

ఉద్దానంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే పెద్దవాళ్ళ నోట రెండు ఊళ్ళ పేర్లు వస్తాయి. ఒకటి విశాఖపట్నం. రెండోది రాయవేలూరు. పలాసలో రైలెక్కి, విజయవాడ దాటి, గూడూరు దాటి, తమిళనాడులోని కాట్పాడిలో దిగితే పక్కనే ఆ వేలూరు. మన దేశంలో ఒకరి మూత్రపిండం తీసి మరొకరికి విజయవంతంగా అమర్చిన మొదటి ఆపరేషన్ అక్కడే జరిగింది, 1971లో. కిడ్నీ జబ్బుతో ఎన్నో ఇళ్ళు చితికిపోయిన ఉద్దానానికి ఆ ఊరి పేరు ఎందుకు తెలుసో వేరే చెప్పాలా?

కానీ మిత్రులారా, ఆ ఆసుపత్రి మొదట కిడ్నీల కోసం పుట్టలేదు. పురుడు కోసం పుట్టింది. పురిట్లో చనిపోయిన ముగ్గురు తల్లుల వల్ల పుట్టింది. దాన్ని పెట్టినావిడ పేరు డాక్టర్ ఐడా స్కడ్డర్. ఆమె డాక్టరే అయినా నర్సుల కోసం ఒక బడి పెట్టారు. ఆ బడి పెరిగి పెరిగి యూనివర్సిటీ చదువైంది. మన బడిలో నర్సు అవుతానని చెప్పే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళందరూ ఈమె కథ తెలుసుకోవాలి.

బాల్యం

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. ఇది వేలూరుకి దగ్గరే. అప్పట్లో ఆ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం ఏదనుకున్నారు? మన చిత్తూరే! 1911లో చిత్తూరు జిల్లా వేరుపడింది. అంటే ఐడా పుట్టిన జిల్లాలో తమిళంతో పాటు తెలుగూ వినిపించేది.

ఐడా తాత అమెరికా నుంచి వచ్చిన డాక్టరు. తండ్రి జాన్ స్కడ్డర్ కూడా డాక్టరే. ఐదుగురు అన్నల తర్వాత పుట్టిన ఒక్కతే ఆడపిల్ల ఐడా. ఆమెకు ఆరేళ్ళు వచ్చేసరికి దక్షిణదేశంలో పెద్ద కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే కరువు అదే. 1876 నుంచి 1878 దాకా లక్షలమంది ఆకలితో చనిపోయారు. ఆకలికి సొమ్మసిల్లిన పిల్లలకి చెయ్యెత్తి తినే ఓపిక కూడా లేకపోతే, చిన్న ఐడా రొట్టె ముక్కలు తుంచి వాళ్ళ నోట్లో పెట్టేదట. ఆ వయసులో చూసింది ఎవరూ మర్చిపోలేరు.

తర్వాత ఆమెను చదువు కోసం అమెరికాలో ఉంచారు. అక్కడ పెరిగి పెద్దదైంది. స్నేహితులు, ఆటలు, పాటలు, అన్నీ అక్కడే. ఇండియా అంటే ఆమెకు ఎండ, దుమ్ము, కరువు మాత్రమే. అక్కడికి తిరిగి వెళ్ళకూడదని, తాతలా తండ్రిలా డాక్టరు కాకూడదని గట్టిగా అనుకుంది. మనం చదివే గొప్పవాళ్ళ జీవితాల్లో చిన్నప్పుడే వాళ్ళకి లక్ష్యం ఉన్నట్టు రాస్తారు. ఐడాకి అలాంటి లక్ష్యం ఏదీ లేదు. హాయిగా బతకాలని ఉండేది. అంతే.

ముగ్గురు చనిపోయిన రాత్రి

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. ఐడా చూసి వెళ్ళిపోదామని ఓడెక్కి వచ్చింది. అప్పుడు తల్లిదండ్రులు తిండివనంలో ఉండేవారు.

ఆమె అక్కడ ఉన్న రోజుల్లోనే ఒక రాత్రి తలుపు చప్పుడైంది. ఒక బ్రాహ్మణుడు నిలబడి ఉన్నాడు. భార్యకి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని వల్ల కాలేదు. వచ్చి కాపాడమని ఐడాని అడిగాడు. ఆ భార్యకి పద్నాలుగేళ్ళే. ఐడా తనకి వైద్యం రాదని, నాన్నగారు డాక్టరని, ఆయన్ని పంపిస్తానని చెప్పింది. పరాయి మగవాడు తన భార్యని ముట్టుకోవటం కుదరదని అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి ఒక ముస్లిం. అతనిదీ అదే కష్టం, అదే జవాబు. ఆ తర్వాత మూడో మనిషి, ఇంకో పెద్ద కులం హిందువు. అతనూ ఒప్పుకోలేదు. మూడు మతాచారాల ఇళ్ళు, మూడు ఇళ్ళదీ ఒకే పట్టు.

తెల్లారేసరికి వీధిలో చావు డప్పు వినబడింది. ఐడా మనిషిని పంపి కనుక్కుంది. ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ ఊళ్ళో వైద్యం లేక వాళ్ళు చనిపోలేదు. డాక్టరు ఉన్నాడు, మందులున్నాయి, తెలివీ ఉంది. అన్నీ ఒక ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి. కానీ ఆ గడప దాటి లోపలికి రానిచ్చే మనిషికి చదువు లేదు. చదువున్న మనిషిని గడప దాటనివ్వలేదు. ఈ రెంటి మధ్య ముగ్గురు తల్లుల ప్రాణం పోయింది.

ఐడాకి ఈ సంగతి అర్థమైంది. తాను డాక్టరు చదివి వస్తానని తల్లిదండ్రులకి చెప్పింది. ఏ పని చెయ్యనని ఒట్టు పెట్టుకుందో ఆ పనికే బయలుదేరింది.

ఒక గది ఆసుపత్రి

1895లో ఆమె అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో చేరింది. న్యూయార్కులోని కార్నెల్ మెడికల్ కాలేజీ ఆడపిల్లల్ని చేర్చుకోవటం మొదలెట్టగానే అక్కడికి మారింది. 1899లో డాక్టరు పట్టా తీసుకుంది. న్యూయార్కులో షెల్ అనే ధనవంతుడు చనిపోయిన తన భార్య పేరు మీద ఆసుపత్రి కట్టమని పదివేల డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో 1900 సంవత్సరం మొదట్లో ఐడా ఇండియాకి చేరుకున్నారు.

కానీ ఆ ఏడే తండ్రి చనిపోయారు. పక్కనుండి పని నేర్పిస్తారనుకున్న మనిషి లేరు. కొత్త డాక్టరమ్మ మీద జనానికి నమ్మకం లేదు. వేలూరులో తాము ఉండే బంగళాలోనే ఒక చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టారు. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఒకరికి నయమైతే పదిమందికి చెప్పారు. రెండేళ్ళలో ఐదు వేలమందికి వైద్యం చేశారు. 1902లో 40 మంచాల ఆసుపత్రి తెరిచారు. దాని పేరు మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి.

ఆ గదిలో ఐడాకి తోడు ఎవరు? చదువుకున్న నర్సు ఒక్కరూ లేరు. ఇంట్లో పనిచేసే సలోమి అనే ఆవిడే గాయాలు కడిగింది, కట్లు కట్టింది, దీపం పట్టుకుంది. ఐడా చేస్తూ చూపిస్తే ఆమె చూసి నేర్చుకుంది. ఆ ఆసుపత్రికి మొదటి నర్సు సలోమియే అనుకోవచ్చు. ఆమెకి పట్టా లేదు. పాఠాలు కూడా లేవు. కానీ డాక్టరమ్మకి ఒక సంగతి తెలిసివచ్చింది. తాను ఒక్కతే ఎంత తిరిగినా ఒక రాత్రికి ఒక ఇంటికే వెళ్ళగలదు. ఆ రాత్రి తలుపు తట్టినవాళ్ళు ముగ్గురు.

నర్సు చదువు, పురుడు చదువు – రెండూ ఎందుకు?

అందుకే 1909లో ఆమె నర్సుల బడి పెట్టారు. డెలియా హౌటన్ అనే నర్సు దానికి పెద్దదిక్కుగా నిలిచారు. అప్పట్లో నర్సు పని అంటే మైల పని అనేవారు. రక్తం, చీము, మలం ముట్టుకునే పనికి ఆడపిల్లని పంపటానికి ఏ ఇంట్లోనూ ఇష్టపడేవారు కాదు. పురుడు పొయ్యటం అయితే ఇంకా తక్కువ పని. మంత్రసానిని అవసరానికి పిలుస్తారు, పని అయ్యాక వాకిట్లోనే నిలబెడతారు. అలాంటి పనిని పుస్తకం పెట్టి, పరీక్ష పెట్టి, యూనిఫాం ఇచ్చి నేర్పించటం అంటే ఆ పనికి గౌరవం తెచ్చినట్టే.

ఇంగ్లండులో నర్సులు వేరు, పురుడు పోసే మిడ్‌వైఫ్‌లు వేరు. అక్కడ మిడ్‌వైఫ్‌లకి 1902లో ఒక చట్టం, నర్సులకి 1919లో ఇంకో చట్టం వచ్చాయి. మన వైపు అలా జరగలేదు. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులకీ మిడ్‌వైఫ్‌లకీ కలిపి ఒకే చట్టం చేసింది. అప్పుడు మన పలాస, టెక్కలి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి కాబట్టి ఆ చట్టం మనకీ వర్తించింది.

రెండు చదువులూ ఒకరికే ఎందుకు? దీనికి జవాబు పురుడు గదిలోనే ఉంది. బిడ్డ బయటికి వచ్చాక కూడా తల్లికి గండం గడిచినట్టు కాదు. మాయ పడాలి. గర్భసంచి గట్టిపడాలి. అది గట్టిపడకపోతే రక్తం ఆగదు. కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టి మర్దన చెయ్యాలి, ఇంజెక్షను ఇవ్వాలి, నాడి చూడాలి, బి.పి. చూడాలి, సెలైను ఎక్కించాలి. కొందరికి బి.పి. పెరిగి ఫిట్స్ వస్తాయి. మన వాళ్ళు గుర్రపువాతం అనేది దీన్నే. పక్కన బిడ్డ ఏడవకపోతే తుడవాలి, వెచ్చగా ఉంచాలి, ఊపిరి అందేలా చూడాలి. శుభ్రం లేని చేత్తో ముట్టుకుంటే మూడో నాటికి బాలింతకి జ్వరం వస్తుంది. ఇందులో పురుడు పని ఎక్కడ ఆగింది, నర్సు పని ఎక్కడ మొదలైంది? గీత గీయగలమా? పెద్ద పట్నంలో ఇద్దరు మనుషులు ఉండొచ్చు. పల్లెలో అర్ధరాత్రి ఉండేది ఒక్కరే. ఆ ఒక్కరికే రెండూ వచ్చి ఉండాలి.

డాక్టరమ్మ ఊళ్ళమ్మట కూడా తిరిగారు. వారానికి ఒక రోజు వేలూరు నుంచి గుడియాత్తం వైపు వెళ్ళేవారు. మొదట ఎడ్ల బండి, తర్వాత ఒక చిన్న మోటారు కారు. దారిలో చెట్టు కింద ఆగేవారు. చుట్టుపక్కల ఊళ్ళ జనం అప్పటికే వచ్చి కూర్చునేవారు. కళ్ళు చూడటం, పుళ్ళు కడగటం, మందు పొయ్యటం, మళ్ళీ బండెక్కి ఇంకో చెట్టు. రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగి దగ్గరికి వెళ్ళింది.

ఆడపిల్లల మెడికల్ స్కూలు

నర్సులు తయారయ్యారు. ఇక ఆడ డాక్టర్లు కావాలి. 1918 ఆగస్టులో ఐడా ఆడపిల్లలకి మెడికల్ స్కూలు తెరిచారు. ముగ్గురు కూడా చేరరేమోనని మద్రాసులోని పెద్ద వైద్యాధికారి సందేహపడ్డారు. కానీ ఉన్న సీట్లకన్నా ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. మొదటి ఏడాది పరీక్షకి మగపిల్లలే చాలామంది తప్పుతారని, ఆడపిల్లలు తప్పితే నిరాశపడొద్దని కూడా ముందే చెప్పారు. పరీక్ష రాసిన 14 మంది ఆడపిల్లలూ పాసయ్యారు. ఒక్కరు కూడా తప్పలేదు!

ఇరవై ఏళ్ళు అలా సాగింది. 1938లో పెద్ద చిక్కు వచ్చింది. చిన్న డిప్లొమా చదువులు ఇక చెల్లవని, డాక్టరు కావాలంటే యూనివర్సిటీ డిగ్రీ ఉండాల్సిందేనని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. డిగ్రీ కాలేజీ అంటే మరిన్ని మంచాలు, మరిన్ని లాబొరేటరీలు, పెద్ద చదువులు చదివిన మాస్టార్లు కావాలి. డబ్బు లేదు. అప్పటికి ఐడాకి డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాయి. ఇంకొకరైతే మూసేసి విశ్రాంతి తీసుకునేవారు. ఆమె 1941లో అమెరికా వెళ్ళారు. ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. ఊరూరూ తిరిగి, చందాలు అడిగి, కాలేజీని నిలబెట్టారు. మగపిల్లల్ని కూడా చేర్చుకుంటేనే కాలేజీ నిలుస్తుందని తేలినప్పుడు దానికీ ఒప్పుకున్నారు.

1946లో వేలూరులో ఇంకో మంచి పని జరిగింది. 1909లో మొదలైన నర్సుల బడి మద్రాసు యూనివర్సిటీ కిందికి వచ్చి బి.ఎస్‌సి. నర్సింగ్ డిగ్రీ కాలేజీ అయింది. అదే ఏడు ఢిల్లీలో కూడా ఇలాంటి కాలేజీ మొదలైంది. మన దేశంలో నర్సింగుకి యూనివర్సిటీ డిగ్రీ మొదలైంది ఆ రెండు చోట్లే. ఒకప్పుడు వాకిట్లో నిలబెట్టిన పని, చరిత్ర, లెక్కలు, సైన్సులాగే యూనివర్సిటీలో కూర్చుంది. ఆ ఏడే, 75 ఏళ్ళ వయసులో, ఐడా బాధ్యతలు వదిలి విశ్రాంతి తీసుకున్నారు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. వేలూరే ఆమె ఇల్లు.

మన తీరం నుంచి వెళ్ళినావిడ

ఐడా తర్వాత ఆ సంస్థకి డైరెక్టరైన మొదటి భారతీయురాలు ఎవరో తెలుసా? డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఆమె 1890లో మన విశాఖపట్నంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో పురుడు వైద్యంలో బంగారు పతకం తీసుకున్నారు. బ్రిటిషు కాలంలో నడిచిన మహిళా వైద్య సర్వీసులో చేరిన మొదటి భారతీయురాలు కూడా ఆమే. ఉద్యోగంలో ఎక్కడికి బదిలీ అయితే అక్కడి భాష నేర్చుకున్నారు. నర్సులకీ మిడ్‌వైఫ్‌లకీ శిక్షణ తరగతులు పెట్టారు. 1961లో పద్మశ్రీ వచ్చింది. 1978లో చనిపోయారు. అమెరికా డాక్టరమ్మ కూర్చున్న కుర్చీలో మన ఉత్తరాంధ్ర ఆడబిడ్డ కూర్చున్నారంటే మనకి గర్వంగా ఉండదా?

ఇందులో మనకేమిటి?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల కొండ ఊళ్ళ నుంచి మనలో చాలామంది వచ్చాం. 108 బండి రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. రోడ్డు లేని ఊరికి డోలీయే గతి. పురిటి నొప్పులు రోడ్డు పడేదాకా ఆగవు కదా!

రోడ్డు ఒక్కటే అడ్డం కాదు. ఆసుపత్రికి చేరాక కూడా ఇంకో గడప ఉంటుంది. అది భాష. నొప్పి ఎక్కడో, ఎప్పటి నుంచో, ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో సవర భాషలోనే చెప్పగలిగే తల్లికి, ఆ భాష రాని నర్సమ్మ ఎంత మంచిదైనా సగమే అందుతుంది. సిగ్గుతోనూ భయంతోనూ తల్లి నోరు విప్పదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష కష్టపడి నేర్చుకున్నది, సవర పిల్లలకి చదువు చెప్పాలంటే వాళ్ళ భాషే దారి అని తెలిసే. చదువుకి ఏ దారో వైద్యానికీ అదే దారి.

తిండివనంలో ఆ రాత్రి ఏది లేక ముగ్గురు చనిపోయారో గుర్తు తెచ్చుకోండి. గడప దాటి రానిచ్చే మనిషికి చదువు లేదు. మన కొండల్లో గడప దాటి రానిచ్చే మనుషులు ఎవరు? మీరే. ఏ ఇంట్లోనైనా మిమ్మల్ని అమ్మా అని, అప్పా అని లోపలికి పిలుస్తారు. మీకు భాష వచ్చు, దారి వచ్చు, ఆచారం తెలుసు. కావలసింది ఇక చదువు ఒక్కటే. ఇది పుట్టుకతో దొరికిన సగం పట్టా లాంటిది. మిగతా సగం కాలేజీలో సంపాదించుకోవాలి.

దారులు మూడున్నాయి. ఏ.ఎన్.ఎం. కోర్సు రెండేళ్ళు. జి.ఎన్.ఎం. అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, మూడేళ్ళు. బి.ఎస్‌సి. నర్సింగ్ నాలుగేళ్ళు, ఇది యూనివర్సిటీ డిగ్రీ. జి.ఎన్.ఎం. గానీ బి.ఎస్‌సి. గానీ పూర్తిచేసి నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటే రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని రెండు పేర్లూ కలిపి వస్తాయి. ఆ రెండు మాటల మధ్య ఎంత చరిత్ర ఉందో ఇప్పుడు మీకు తెలుసు. బి.ఎస్‌సి.లో చేరాలంటే ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదవాలి. కాబట్టి పదో తరగతి పిల్లలు సైన్సు, ఇంగ్లీషు అంటే భయపడకూడదు. నర్సుకి లెక్కలు కూడా కావాలి. మందు ఎన్ని మిల్లీగ్రాములో, సెలైను నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్క తప్పితే ప్రాణమే పోవచ్చు.

రెండు చదువులూ కలిపి చదివితే పురుడు చదువుకి చాలినంత సమయం దొరకదని, అది విడిగా కూడా నేర్పాలని చెప్పే పెద్దలున్నారు. అందులో నిజం లేకపోలేదు. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం, నర్సు చదువు పూర్తయినవాళ్ళకి పురుడు పనిలో ఇంకో పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని మార్గదర్శకాలు చేసింది. అది మొదటి రెండు చదువులూ వచ్చాక ఎక్కే మూడో మెట్టు.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ జబ్బుల పెద్దాసుపత్రి తెరిచారు. అక్కడ డయాలసిస్ మంచం పక్కన నిలబడటానికి నర్సులు కావాలి. కొండ మీద పురుడు గదిలో నిలబడటానికీ వాళ్ళే కావాలి. తీరానికీ కొండకీ కావలసిన చదువు ఒక్కటే.

మన అమ్మమ్మల్లో పురుళ్ళు పోసిన చేతులు చాలా ఉన్నాయి. చదువు లేకపోయినా వాళ్ళు చాలామందిని కాపాడారు. వాళ్ళ ధైర్యం, ఓర్పు మీకు వారసత్వంగా వచ్చాయి. దానికి సబ్బుతో కడిగిన చెయ్యి, బి.పి. మిషను, సమయానికి ఇచ్చే ఇంజెక్షను తోడైతే చాలు. అప్పుడు ఏ కొండ ఊళ్ళో ఏ రాత్రి ఎవరు తలుపు తట్టినా, లేచి వెళ్ళటానికి చదువుకున్న మనిషి ఒకరుంటారు.